అంకె ఎక్కడ ఆగింది?

యాసంగి కోతలు మొదలయ్యాయంటే మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు వడ్ల బండ్లు బారులు తీరతాయి. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు హుజూర్‌నగర్ వైపు నుంచి, కోదాడ వైపు నుంచి ఇటే వస్తాయి. మిల్లులోకి వెళ్ళే ప్రతి బండీ ముందు కాంటా ఎక్కాలి. కాంటా గదిలో ఇండికేటర్ డబ్బా ఉంటుంది, దాని మీద ఎర్రటి అంకెల్లో బరువు కనిపిస్తుంది. ఆ డబ్బా వెనక నుంచి ఒక సన్నటి వైరు కంప్యూటర్‌లోకి వెళ్తుంది. కంప్యూటర్‌లోని ప్రోగ్రాం ఆ అంకె అందుకుని చిట్టీ ప్రింటు చేస్తుంది. ఒకరోజు డబ్బా మీద 12,340 అని వెలుగుతూనే ఉంటుంది, స్క్రీను మీద మాత్రం ఏమీ ఉండదు. వెనక బండ్ల హారన్లు మొదలవుతాయి. కుర్చీలో కూర్చున్న కుర్రాడికి చెమటలు పడతాయి.

ఇదే ఇబ్బంది కోదాడలోనో సూర్యాపేటలోనో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదివే అమ్మాయికీ వస్తుంది. వడ్లలో తేమ కొలిచే చిన్న పరికరం చేసింది. సర్కారు కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు కదా, ఆ లెక్క కంప్యూటర్‌లో చూపించాలని ఆమె ఆలోచన. ఆర్డ్యూనో బోర్డు అంకె పంపుతోంది, పైథాన్ ప్రోగ్రాంకు అందడం లేదు. రేపు పొద్దున రివ్యూ. కాంటా డబ్బాలో ఉన్నదీ మైక్రోకంట్రోలరే, ఆమె బల్ల మీద ఉన్నదీ మైక్రోకంట్రోలరే. ఇద్దరి కష్టం ఒకటే కాబట్టి ఈ అధ్యాయం ఇద్దరికీ కలిపే రాస్తున్నాను.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. కేబుల్ మారుస్తారు, పోర్టు మారుస్తారు, డ్రైవర్ తీసేసి మళ్ళీ వేస్తారు, ప్రోగ్రాంలో నాలుగు లైన్లు అటూ ఇటూ చేస్తారు. అన్నీ పది నిమిషాల్లోనే. అదృష్టం బాగుంటే పని చేస్తుంది. దేనివల్ల బాగైందో మాత్రం ఎవరికీ తెలియదు, వారం తిరిగేసరికి అదే జబ్బు మళ్ళీ వస్తుంది. బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఇలాగే చేస్తారు. తెలివి తక్కువై చేసే పని కాదిది, కంగారులో చేతులు మెదడు కంటే ముందు పరిగెత్తడం వల్ల జరుగుతుంది. అందుకే మొదట అలవాటు చేసుకోవలసింది చేతులు ఆపడం. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడగాలి: అంకె ఎక్కడి దాకా వచ్చింది, ఎక్కడ ఆగింది?

కాలువ చివరి భూముల రైతుకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మడిలోకి నీళ్ళు రాకపోతే ఆయన ఇంజన్ కొనడానికి పోడు, పార పట్టుకుని కాలువ గట్టు వెంట పైకి నడుస్తాడు. నీళ్ళున్న చోటు, లేని చోటు కనబడితే గండి ఆ రెండింటి మధ్యే ఉందని ఆయనకు తెలుసు.

మన అంకె నడిచే దారి కూడా అంత పొడుగైనదే. మైక్రోకంట్రోలర్, దాని సీరియల్ పిన్ను, వోల్టేజి మార్చే చిప్పు, కేబుల్, యూఎస్‌బీ కన్వర్టర్, డ్రైవర్, పోర్టు, ప్రోగ్రాం, ఆఖర్న స్క్రీను. ఇందులో ఎక్కడైనా ఆగవచ్చు. ఒక చివర నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే సాయంత్రమవుతుంది. మధ్యలో పరీక్షిస్తే సగం దారి మీద అనుమానం ఒక్కసారిగా తీరిపోతుంది.

ముందు ఫోనులో తేలిపోయేవి

"అన్నా, సిస్టంల వెయిట్ వస్తలేదు."

"డబ్బా మీద వస్తుందా తమ్మీ?"

"డబ్బా మీద మంచిగనే వస్తుంది."

"ఎప్పటిదాక వచ్చింది?"

"పొద్దున దాక వచ్చిందన్నా. ఏం ముట్టలే నేను."

"నువ్వు ముట్టలే సరే. ఎవరన్న వైరు పీకిన్రా?"

"ఆ... ఊడ్చేటప్పుడు వెనక వైర్లన్నీ తీసి మళ్ళ పెట్టిన్రు."

ఇక్కడితో సగం రోగం దొరికింది. చవక యూఎస్‌బీ కన్వర్టర్లలో, నకలు ఆర్డ్యూనో బోర్డుల్లో ఎక్కువగా కనిపించే సీహెచ్340 చిప్పును ఒక సాకెట్ నుంచి ఇంకో సాకెట్‌కు మారిస్తే విండోస్ దానికి కొత్త పోర్టు నంబరు ఇస్తుంది. ప్రోగ్రాం పాత కామ్ 3 దగ్గరే తలుపు తడుతూ ఉంటుంది, డబ్బా కామ్ 5 నుంచి మాట్లాడుతూ ఉంటుంది. డివైస్ మేనేజర్ తెరిచి, వైరు పీకి మళ్ళీ పెట్టి, ఏ నంబరు మాయమై మళ్ళీ వచ్చిందో చూడండి. అదే మీ నంబరు. అసలు ఏ నంబరూ రాకపోతే డ్రైవర్ అయినా లేదు, కేబుల్ అయినా చార్జింగుకు మాత్రమే పనికొచ్చేది. ఫోను చార్జరుతో వచ్చిన కేబుళ్ళు కొన్నిటిలో డేటా తీగలే ఉండవు.

"యాక్సెస్ డినైడ్" అని వస్తే ఆ పోర్టును ఇంకో ప్రోగ్రాం పట్టుకుని కూర్చుందని అర్థం. ఆర్డ్యూనో సీరియల్ మానిటర్ తెరిచి ఉంచి పైథాన్ ప్రోగ్రాం నడిపితే జరిగేది ఇదే. విండోస్‌లో ఒక పోర్టు ఒకసారికి ఒకరికే. లినక్స్ వాడేవాళ్ళు తమ యూజర్ పేరు డయలౌట్ గ్రూపులో ఉందో లేదో చూసుకోవాలి. ఇవి చిన్న విషయాలు, వీటి దగ్గర ఇంతకు మించి ఆగనక్కరలేదు.

రెండు పిన్నులు కలిపి చూడండి

పోర్టు కనిపిస్తోంది, తెరుచుకుంటోంది, అయినా ఏమీ రావడం లేదు. ఇప్పుడు దారిని నడిమికి విడగొట్టే పరీక్ష చేయాలి. డబ్బా వైపున్న కనెక్టర్ ఊడదీయండి. తొమ్మిది పిన్నుల ఆ కనెక్టర్‌లో 2, 3 పిన్నులను చిన్న తీగ ముక్కతో కలపండి. కంప్యూటర్‌లో పుట్టీ గానీ టెరాటర్మ్ గానీ, ఏదో ఒక టెర్మినల్ ప్రోగ్రాం తెరిచి, ఆ పోర్టు ఎంచుకుని, నాలుగు అక్షరాలు కొట్టండి. కంప్యూటర్ 3వ పిన్ను మీద పంపిన అక్షరం 2వ పిన్ను మీద తిరిగి తనకే వస్తుంది. దీన్నే లూప్‌బ్యాక్ అంటారు.

ఇందులో రెండు మోసాలున్నాయి. టెర్మినల్‌లో లోకల్ ఎకో ఆన్‌లో ఉంటే తీగ కలపకపోయినా మీరు కొట్టిన అక్షరం స్క్రీను మీద కనిపిస్తుంది. కాబట్టి తీగ తీసేసి కూడా ఒకసారి కొట్టి చూడండి, అప్పుడు ఏమీ రాకూడదు. రెండోది, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్‌లో ఉంటే కంప్యూటర్ అవతలివాడి అనుమతి కోసం ఎదురు చూస్తూ అక్షరమే పంపకపోవచ్చు. దాన్ని ఆఫ్ చేయండి.

అక్షరం తిరిగి వస్తే కంప్యూటర్, డ్రైవర్, కన్వర్టర్, కేబుల్‌లోని ఆ రెండు తీగలు అన్నీ నిర్దోషులు. తప్పు డబ్బా వైపున గానీ, ప్రోగ్రాంలో గానీ, రెండింటి మధ్య ఒప్పందంలో గానీ ఉంది. రాకపోతే డబ్బా జోలికి పోనక్కరలేదు. ఒక్క జాగ్రత్త: ఈ పరీక్ష వేగం గురించి ఏమీ చెప్పదు. మాట్లాడేదీ వినేదీ ఒకే యంత్రం కాబట్టి ఏ బాడ్ రేటు, అంటే పంపే వేగం, పెట్టినా పాసవుతుంది.

తర్వాత మల్టీమీటర్ తీయండి. డబ్బా మాట్లాడేది ఆర్‌ఎస్-232 పద్ధతిలో, ఆ ప్రమాణం 1960లో అమెరికాలో పుట్టింది. దాని ప్రకారం 1 అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల మధ్య, 0 అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15 మధ్య. పంపే తీగ ఊరికే ఉన్నప్పుడు 1 దగ్గర నిలబడుతుంది, అంటే మైనస్‌లో ఉంటుంది. డబ్బా కనెక్టర్‌లో 5వ పిన్ను మీద నల్ల వైరు పెట్టి, 2, 3 పిన్నులను ఎర్ర వైరుతో తాకి చూడండి. ఏది గట్టిగా మైనస్ చూపిస్తే ఆ పిన్నే మాట్లాడుతోంది. డబ్బా నిరంతరం పంపుతుంటే అంకె ఊగుతుంది, అదీ మంచి గుర్తే. ఆ పిన్ను కంప్యూటర్ వైపు 2వ పిన్నుకు చేరాలి. ఒకడి నోరు ఇంకొకడి చెవికి కలవాలన్నమాట. నోటిని నోటికి కలిపి గంటలు గంటలు ప్రోగ్రాంలో వెతికేవాళ్ళు ఎందరో ఉన్నారు.

ప్రాజెక్టు చేసే విద్యార్థులకు ఇక్కడే ఒక హెచ్చరిక. ఆ డబ్బా నుంచి వచ్చే తీగను నేరుగా ఆర్డ్యూనో పిన్నుకు పెట్టకండి. ఆర్డ్యూనో ఊనో బోర్డు పిన్ను 0 నుంచి 5 వోల్టుల వరకే తట్టుకుంటుంది, ఈఎస్‌పీ32 బోర్డు అయితే 3.3 వోల్టులే. మైనస్ 10 వోల్టులు తగిలితే చిప్పు పోతుంది. మధ్యలో వోల్టేజి మార్చే మ్యాక్స్232 లేదా మ్యాక్స్3232 చిప్పు ఉండాలి. గ్రౌండ్ తీగ కూడా తప్పనిసరి. అటూ ఇటూ రెండు తీగలు సరిగా కలిపి, గ్రౌండ్ మరిచిపోతే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు, చెయ్యి తగిలితే వస్తుంది. ఇలాంటి దెయ్యం చేష్టలు కనిపిస్తే ముందు గ్రౌండ్ చూడండి.

ఏ అంకెలు చెడ్డాయో గమనించండి

ఏమీ రాకపోవడం కంటే పిచ్చి అక్షరాలు రావడం నయం. దారి తెరిచే ఉంది, ఇద్దరి లెక్కలు మాత్రం కలవలేదు. 9600 వేగంలో ఒక బిట్ సుమారు 104 మైక్రోసెకన్లు ఉంటుంది. స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, స్టాప్ బిట్ కలిపి అక్షరానికి పది బిట్లు, అంటే సెకనుకు 960 అక్షరాలు. వినేవాడు స్టార్ట్ బిట్ చూసి గడియారం మొదలుపెట్టి, ఒక్కో బిట్ నడుమ తొంగి చూస్తాడు. చివరి బిట్ దాకా తొమ్మిదిన్నర బిట్ల ప్రయాణం. ఇద్దరి గడియారాల మధ్య నూటికి 5 తేడా ఉంటే ఆ చివరికొచ్చేసరికి సగం బిట్ తప్పుతుంది, అక్షరం మారిపోతుంది. 2400కు పెట్టిన డబ్బాను 9600లో వింటే ఇక చెప్పేదేముంది, ఒక్క అక్షరమూ అర్థం కాదు.

అన్నీ చెత్తగా వస్తే బాడ్ రేటు చూడాలని చాలామందికి తెలుసు. కొన్ని సరిగ్గా వచ్చి కొన్ని చెడిపోతే? నాకు చాలా ఇష్టమైన పజిల్ ఇది. 0, 3, 5, 6, 9 అంకెలు శుభ్రంగా కనిపిస్తాయి. 1, 2, 4, 7, 8 వచ్చినప్పుడల్లా ఏదో వింత గుర్తు పడుతుంది. 9,650 కిలోల బండి సరిగ్గా తూగుతుంది, 12,480 కిలోల బండి తూగదు. కాంటా కుర్రాడు పెద్ద బండ్లకే ఈ జబ్బు వస్తోందని అనుకుంటాడు, కాంటా కింద బరువు పసిగట్టే లోడ్‌సెల్ పాడైందని మిల్లు యజమానికి చెప్తాడు.

అసలు సంగతి వేరు. ఆ డబ్బా ఏడు డేటా బిట్లు, ఒక ఈవెన్ పారిటీ బిట్ పంపుతోంది. కంప్యూటర్ ఎనిమిది డేటా బిట్లు, పారిటీ లేదు అనుకుని వింటోంది. రెండింటికీ మొత్తం పది బిట్లే కాబట్టి నిడివిలో తేడా రాదు. పారిటీ అంటే అక్షరంలోని 1ల సంఖ్య సరి సంఖ్య అయ్యేలా చివర్న చేర్చే బిట్. 3 అనే అంకె కోడు 51, అందులో నాలుగు 1లు ఉన్నాయి, కాబట్టి పారిటీ 0, అంకెకు ఏమీ కాదు. 1 అనే అంకె కోడు 49, అందులో మూడు 1లు ఉన్నాయి, కాబట్టి పారిటీ 1. ఆ ఒకటిని కంప్యూటర్ ఎనిమిదో డేటా బిట్‌గా లెక్కేసి 128 కలిపేస్తుంది, 49 కాస్తా 177 అవుతుంది. పోర్టు సెట్టింగులో ఏడు బిట్లు, ఈవెన్ అని మారిస్తే ఆ క్షణంలోనే బాగైపోతుంది. లోడ్‌సెల్ కొనక్కరలేదు.

అందుకే తెర మీద కనిపించే అక్షరాలను నమ్మకండి, వాటి వెనక ఉన్న కోడు నంబర్లు చూడండి. పైథాన్‌లో వచ్చిన బైట్లను వచ్చినట్టే ప్రింటు చేయిస్తే సగం రహస్యాలు బయటపడతాయి. ఆర్డ్యూనోలో సీరియల్ ప్రింట్ 65 అంటే 6, 5 అనే రెండు అక్షరాలు వెళ్తాయి, సీరియల్ రైట్ 65 అంటే 65 కోడున్న ఒక్క అక్షరం వెళ్తుంది. లైను చివర వెళ్ళే 13, 10 కోడులు తెర మీద కనిపించవు. అవి రాకపోతే లైను కోసం ఎదురు చూసే ప్రోగ్రాం అలా ఎదురు చూస్తూనే ఉంటుంది.

ఊనో బోర్డుతో ఇంకో తమాషా ఉంది. కంప్యూటర్ పోర్టు తెరవగానే డీటీఆర్ అనే తీగ కదిలి బోర్డు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. ప్రోగ్రాం ఆ క్షణమే పంపిన మొదటి ఆదేశం ఎవరూ వినకుండానే పోతుంది. రెండు సెకన్లు ఆగి పంపితే పని జరుగుతుంది గానీ, బోర్డు లేచాక "రెడీ" అని పంపేలా రాసి, అది అందాకే మాట్లాడటం ఇంకా మంచిది.

తప్పుగా వచ్చి, సరిగ్గా కనిపించేవి

పైన చెప్పినవన్నీ కంటికి కనిపించే జబ్బులు. ఖాళీ తెర చూసి ఎవరైనా ఆగుతారు, పిచ్చి గుర్తు చూసి ఎవరైనా అనుమానిస్తారు. నన్ను నిజంగా భయపెట్టేవి వేరే రెండున్నాయి. వాటిలో తెర మీద చక్కటి అంకె ఉంటుంది, ఆ అంకె తప్పు.

చాలా డబ్బాలు అడగకుండానే బరువు పంపుతూ ఉంటాయి. ముందు ఒక ఆరంభ గుర్తు, దాని కోడు 2. తర్వాత ప్లస్సో మైనస్సో, ఆరు అంకెలు, చివర ముగింపు గుర్తు, కోడు 3. డబ్బాను బట్టి ఈ వరస మారుతుంది, కొన్ని అంకెల్ని వెనక నుంచి ముందుకు కూడా పంపుతాయి. మన ప్రోగ్రాం పోర్టు తెరిచేసరికి 012340 అనే వరస సగంలో ఉండొచ్చు. అప్పుడు దానికి అందేది 2340. ప్రోగ్రాం దాన్ని చక్కగా 2,340 కిలోలని చూపిస్తుంది. 10,000 కిలోలు, అంటే 100 క్వింటాళ్ళు, గాలిలో కలిసిపోయాయి. నిండు బండి విషయంలో ఈ తప్పు ఎవరి కంటికైనా కనబడుతుంది. ఖాళీ బండి తూకంలో ఏదో ఒక అంకె లేచిపోతే అంత త్వరగా కనబడదు, నికర బరువు మాత్రం తారుమారవుతుంది.

రెండోది పాత బరువు. డబ్బా సెకనుకు పదిసార్లు పంపుతోంది, ప్రోగ్రాం సెకనుకు ఒక్కటే తీసుకుంటోంది అనుకోండి. మిగిలిన తొమ్మిదీ కంప్యూటర్ బఫర్‌లో వరుసలో నిలబడతాయి. నిమిషం గడిచేసరికి 600 వచ్చాయి, 60 మాత్రమే చదివాం. అంటే తెర మీద ఉన్నది 54 సెకన్ల కిందటి బరువు. కాంటా మీద రెండో బండి ఎక్కి నిలబడితే తెర మీద ఇంకా మొదటి బండి ఉంటుంది. అప్పుడు చిట్టీ ప్రింటు అయితే ఒక రైతు వడ్లు ఇంకొక రైతు పేరున పడతాయి.

దీనికి ఇంటర్‌నెట్‌లో దొరికే మందు బఫర్ ఖాళీ చేయమనడం. చేయవలసిందే. ఖాళీ చేసిన మరుక్షణం మీరు మళ్ళీ వరస మధ్యలో పడతారని మాత్రం గుర్తుంచుకోవాలి, అంటే రెండో జబ్బుకు వేసిన మందు మొదటి జబ్బును తెస్తుంది. కాబట్టి రెండూ కలిపే చేయాలి. బఫర్ ఖాళీ చేసి, ఆరంభ గుర్తు వచ్చేదాకా వచ్చినవన్నీ పారేసి, అక్కడి నుంచి ముగింపు గుర్తు దాకా తీసుకుని, మధ్యలో సరిగ్గా ఎన్ని అక్షరాలు ఉండాలో అన్నీ ఉన్నాయా అని లెక్కపెట్టి, వరుసగా మూడు నాలుగుసార్లు ఒకే బరువు వస్తేనే ఒప్పుకోవాలి. పది పన్నెండు లైన్ల పని. కాంటా దగ్గర ప్రోగ్రాం పెట్టే ఎవరినైనా ఈ పది లైన్లు ఉన్నాయో లేదో అడిగే హక్కు మిల్లువాళ్ళకూ ఉంది, రైతుకూ ఉంది.

మిల్లు వాతావరణం గురించీ ఒక మాట. పెద్ద మోటార్లు ఆన్ అయినప్పుడే అంకె చెడుతుంటే తీగ పొడవు కొలవండి. ఆర్‌ఎస్-232ను 15 మీటర్లు దాటించకపోవడం మంచిది. అంతకు మించి పోవాలంటే మెలేసిన జంట తీగలతో ఆర్‌ఎస్-485 వాడాలి, అది 1,200 మీటర్ల దాకా పోగలదు. లాప్‌టాప్ చార్జర్ పీకేస్తే జబ్బు పోతుందేమో కూడా చూడండి. పోతే గొడవ ఎర్తింగుది. డబ్బా మీద తూనికలు కొలతల శాఖ సీలు ఉంటుంది. మూత విప్పడం మన పని కాదు, చట్టం ఒప్పుకోదు. మన సరిహద్దు వెనకనున్న సీరియల్ కనెక్టర్ దగ్గరే మొదలవుతుంది.

ఇవన్నీ చేసేటప్పుడు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏం మార్చారో, మార్చాక ఏమైందో, ఒక్కో వరుసలో రాయండి. మార్చినది పని చేయకపోతే తిరిగి పాత స్థితికి తెచ్చాకే రెండోది మార్చండి. పది గంటలకు ఏం చేశామో పదకొండుకు గుర్తుండదు, ముఖ్యంగా వెనక హారన్లు మోగుతున్నప్పుడు. తెలియనిదాన్ని తెలియదని కాగితం మీద రాసుకున్నవాడికి కంగారు కొంత తగ్గుతుంది. ఇది నేను చాలామందిలో చూశాను.

సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ప్రోగ్రాంలు రాసే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నేను కోరేది ఒకటే. వచ్చిన వరస అసంపూర్ణంగా ఉన్నా, పాతదైనా, నిలకడగా లేకపోయినా దాన్ని సున్నాగా చూపించకండి, ఇందాకటి బరువునే నిలిపి ఉంచకండి. "బరువు అందలేదు" అని పెద్ద అక్షరాల్లో తెలుగులో చూపించండి, ప్రింటు బటన్ పని చేయకుండా ఆపండి. డబ్బా మీది అంకెనూ తెర మీది అంకెనూ పక్కపక్కన చూసుకున్నాకే చిట్టీ ఇవ్వమని కాంటా మీద కూర్చునే వాళ్ళకు మొదటి రోజే నేర్పండి.